అలుగు తాత అడగని దరువు

అనగనగా ఒక కొండ వాలు, ఆ వాలు నిండా ఇప్పచెట్ల అడవి. ఆ అడవిలో సింగారి అనే ఉడుత ఉండేది. దానికి నలుగురు పిల్లలు, ఇంకా కళ్లు కూడా తెరవని పసిగుడ్లు. వాన ఒకసారి పట్టుకుందంటే ఆ అడవిలో నెలన్నర దాకా గింజ దొరకదు. అందుకని సింగారి ఎండలన్నీ నెత్తిన పెట్టుకుని సారపప్పు ఏరింది. ఏరినదంతా కొండగాదెలో దాచుకుంది.

కొండగాదె అంటే ఒక రాతిగుహ. లోపల ఎవరి అర వాళ్లది. కాపలా ఉండేది చీమలు తిని బతికే అలుగు తాత. ఒళ్లంతా పొలుసులు, చూపు మాత్రం ఆనదు. చూపు ఆనని వాడికి కాపలా ఏమిటని మీరు నవ్వుతారేమో, తాత చెవుల సంగతి మీకు తెలీదు. అరకొక దరువు ఉండేది. సింగారి దరువు రెండు పొడి దెబ్బలు, ఒక గీరుడు, మళ్లీ మూడు దెబ్బలు. ఆ దరువు తలుపు మీద పడితే తాత లోపల సింగారి అర తెరిచేవాడు. కొట్టింది ఎవరని చూసేవాడు కాదు, చూడలేడు కూడా.

మొదటి రోజే తాత చెప్పాడు. "ఇదిగో సింగారీ, నీ దరువు ఈ తలుపు మీద తప్ప ఇంకెక్కడా కొట్టకు. తాత అడిగాడని ఎవరైనా చెప్పినా నమ్మకు. నేను అడగను."

"అలాగే తాతా," అంది సింగారి. చెవిలో వేసుకుంది కానీ మనసులో వేసుకోలేదు.

ఒకరోజు గోరువంక ఒక మోదుగాకు తెచ్చి సింగారి గూటి ముందు పడేసింది. ఆకు మీద గోటి గీతలతో రాసి ఉంది. కింద అలుగు పొలుసు ముద్ర. "కొండగాదె వారి కానుక. నీకు బుట్టెడు ఇప్పపూలు వచ్చాయి. వాగు ఒడ్డున మా కొత్త తలుపు దగ్గర నీ దరువు కొట్టి తీసుకో."

"ఊరికే ఇచ్చేవాళ్లు ఎక్కడున్నారమ్మా," అని సింగారి ఆ ఆకుని గూట్లో పరుపు కింద దోపేసింది.

నాలుగు రోజులకి ఇంకో ఆకు వచ్చింది. అదే పొలుసు ముద్ర. "దరువులన్నీ సరిచూస్తున్నాం. వాగు ఒడ్డుకి వచ్చి నీది వినిపించు." సింగారికి ఆ రోజు పిల్లలతోనే సరిపోయింది. వెళ్దాంలే అనుకుని మర్చిపోయింది.

మూడో ఆకు వచ్చిన మధ్యాహ్నం కొండ మీద నల్లగా మబ్బు పట్టింది. "నీ అరలోకి చెమ్మ దిగింది. పొద్దు వాలేలోగా వాగు ఒడ్డున దరువు కొట్టకపోతే నీ గింజలు పారబోస్తాం."

సింగారి గబుక్కున గూట్లోంచి బయటికి వచ్చింది. పారబోస్తే పిల్లలకి ఏం పెట్టాలి? "ఇది తాతే పంపాడా?" అని గోరువంకని అడిగింది.

"నాకేం తెలుసు? ఎవరు అత్తిపండు పెడితే వాళ్ల ఆకు మోస్తాను," అని గోరువంక ఎగిరిపోయింది.

ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి ఉంటే సరిపోయేది. కానీ భయం పట్టుకున్న తలలో ఆలోచనకి చోటెక్కడిది? పైగా ముద్ర తాతదే. పొలుసు ముద్ర ఉందంటే చాలు, ఆ అడవిలో ఎవరూ రెండో మాట అడిగేవాళ్లు కాదు. పొలుసులు అప్పుడప్పుడు ఊడిపోతాయని, ఊడింది ఎవరికైనా దొరకవచ్చని ఎవరికీ తోచలేదు.

సింగారి వాగు ఒడ్డుకి పరుగెత్తింది. అక్కడ అచ్చం కొండగాదె తలుపులాంటి తలుపే ఉంది. అదే రాయి, అదే నాచు.

"ఎవరూ?" అని లోపలి నుంచి బొంగురు గొంతు వినిపించింది.

"నేను తాతా, సింగారిని."

"దరువు కొట్టు."

సింగారి రెండు దెబ్బలు కొట్టింది, గీరింది, మూడు దెబ్బలు కొట్టింది.

"సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి నిదానంగా కొట్టు," అంది ఆ గొంతు.

సింగారి కాలు ఎత్తి అలాగే ఆగింది. రాతి అవతల చీమ నడిచినా వినే తాతకి దరువు వినపడలేదా? అసలు తాత ఎప్పుడైనా నోరు తెరిచి దరువు అడిగాడా? అప్పుడే తలుపు సందులోంచి గుప్పుమని పునుగు వాసన వచ్చింది. తాత దగ్గర ఎప్పుడూ చీమలపుట్ట వాసనే.

ఇంకోసారి కొట్టలేదు. వెనక్కి తిరిగింది.

దారిలో సిగ్గు దాన్ని తినేసింది. అంత స్పష్టంగా చెప్పాడు తాత, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? ఇంటికి పోయి నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఒక దారి గూటికి, ఒక దారి కొండగాదెకి. ఆ రెండు దారుల దగ్గర నిలబడితే పిల్లల ఆకలి కేకలు చెవిలో పడినట్టయింది. కొండగాదె దారి పట్టింది.

"తాతా, తప్పు చేశాను," అని జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పింది.

తాత తిట్టలేదు. "పాత దరువు మర్చిపో. కొత్తది కొట్టు," అన్నాడు. సింగారి కొత్త దరువు కొట్టింది. తర్వాత తాత మాట మీద గాదె పైన బండ ఎక్కి దాక్కుంది.

కాసేపటికి పునుగుపిల్లి వచ్చింది. తలుపు మీద కొట్టింది. మొదటిసారి గీరుడు తప్పింది. రెండోసారి చివరి దెబ్బ తప్పింది. మూడోసారి అచ్చం సింగారి పాత దరువే పడింది. తన దరువు ఇంకొకరి చేతిలో మోగడం సింగారి బండ మీంచి వింది. లోపల తాత కదల్లేదు. తలుపు కూడా కదల్లేదు.

సింగారి పెట్టిన కిచకిచలకి అడవంతా పోగైంది. పునుగుపిల్లి వాగు దాటి పారిపోయింది, మళ్లీ ఆ ఛాయలకి రాలేదు. దాని దొంగ తలుపు తీసి చూస్తే లోపల ఒక కుప్ప దుంపలు ఉన్నాయి. సగం తినేసినవి, సగం కుళ్లినవి.

ముళ్లపంది కోటయ్య ఆ దుంపల దగ్గర కూలబడ్డాడు. "ఇవి నావి. నెల కిందట నాకూ ఆకు వచ్చింది. వెళ్లి దరువు కొట్టాను. మర్నాటికి నా అర ఖాళీ."

"మరి ఎవరికీ చెప్పలేదేం కోటయ్య మామా?" అంది సింగారి. "నువ్వు చెప్పి ఉంటే నేను ఆ తలుపు దాకా వెళ్లేదాన్ని కాదు కదా."

"నవ్వుతారనుకున్నాను."

"నవ్వేవాళ్లమే మామా. ఒక పూట నవ్వి ఊరుకునేవాళ్లం."

మొదటి చినుకు పడింది. కోటయ్య కుళ్లిన దుంపల్లోంచి పనికొచ్చేవి ఒక్కొక్కటే ఏరుకోసాగాడు. సింగారి కూడా పక్కన కూర్చుని ఏరింది.

నీతి: ముద్ర చూసి, భయపడి నీ రహస్యం ఎవరికీ ఇవ్వకు, ఒకవేళ ఇచ్చేస్తే సిగ్గుపడి దాచకు, వెంటనే వెళ్లి చెప్పు.