తొలి గుక్క ఎవరిది?

రాజుగారి గోశాలకి కొత్త అధికారిగా వచ్చిన విరూపాక్షయ్య వస్తూనే ఒక ఆజ్ఞ వేశాడు. పాలు పితికే ముందు దూడని వదలకూడదట, ప్రతి చుక్కా రాజుగారి సొత్తట. దూడలన్నిటినీ దూరంగా వేరే కొట్టంలో కట్టించాడు.

వారం తిరక్కుండా పాలు సగానికి పడిపోయాయి. రాజు గోశాలకి వచ్చి కారణం అడిగాడు.

"పాలు పితికే ఈ కోటమ్మే దొంగ, ప్రభూ! దీని ఇల్లు సోదా చేయించండి," అన్నాడు విరూపాక్షయ్య.

"చేయించండి మారాజా," అంది కోటమ్మ. "ముందు అయ్యగారిని ఒక్కసారి పితకమనండి."

విరూపాక్షయ్య చెంబు పట్టుకుని కపిలావు పక్కన కూర్చున్నాడు. ఎంత లాగినా చెంబు అడుగు తడవలేదు.

"పాలు తగ్గితే పితికినవాళ్లే దొంగలైతే, అయ్యగారి ఇల్లూ సోదా చేయించాలి కదా మారాజా!"

రాజు పకపకా నవ్వాడు. "మరి పాలేవి కోటమ్మా?"

"పొదుగులోనే ఉన్నాయి. దూడ మూతి తగిలితేగాని ఈ ఆవు చేపదు, పాలు కిందికి దిగవు." కోటమ్మ దూడని తెచ్చి వదిలింది. అది నాలుగు గుక్కలు తాగాక పితికితే చెంబు నురగలతో నిండింది.

విరూపాక్షయ్య గొణిగాడు. "ఎంతైనా, రాజుగారికంటే ముందు దూడ తాగడమేమిటి?"

"ఆవు పాలిచ్చేది దూడకయ్యా," అంది కోటమ్మ. " మనం పక్కన చెంబు పట్టుకు కూర్చున్నవాళ్లం."

ఈసారి రాజు నవ్వలేదు. దూడల కొట్టం వైపు చూస్తూ, "వెళ్లి దూడల తలుగుతాళ్లు నువ్వే విప్పు, విరూపాక్షయ్యా," అన్నాడు.