సూది పట్టిన చెయ్యి

గురువుకు సూది వేసే పని తన చేతిలోంచి జారిపోతోందని ఓబులేసుకు అర్థమైంది. అప్పటినుంచీ అతనికి అన్నం సయించడం లేదు.

పెన్న ఒడ్డున చిన్న మఠం. అక్కడ అచల తత్వం బోధించే సిద్దయ్యస్వామికి పడుచుతనంలోనే చక్కెర జబ్బు పట్టుకుంది. ఒంట్లో ఇన్సులిన్ బొత్తిగా ఊరని రకం. ఏ పూట ముద్ద తినాలన్నా ముందు పొట్టలో సూది దిగాల్సిందే. మొదట్లో తనే వేసుకునేవాడు. చూపు మందగించాక ఆ పని ఓబులేసు అందుకున్నాడు. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, "మా సామికి పూటపూటా సూదెవరు ఏస్తారు?" అని నవ్వేసేవాడు. శిష్యులందరూ స్వామి బోధ గొప్పదని చెప్పుకుంటుంటే, ఆ బోధ చెప్పే మనిషిని నిలబెడుతున్నది తన చెయ్యేనని లోలోపల మురిసిపోయేవాడు. ఇప్పుడు అతనికీ అరవై దాటాయి.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం స్వామి విస్తరి ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. ఒళ్ళంతా చెమట. పిలిస్తే పలకలేదు. ప్రొద్దుటూరులో ఆస్పత్రికి తీసుకెళ్ళి గ్లూకోజు ఎక్కించాక గాని కళ్ళు తెరవలేదు.

"భోజనానికి ముందు ఎన్నిసార్లు వేశారు ఓబులేసుగారూ?" అని అడిగింది డాక్టర్ నస్రీన్.

"ఒకసారేనమ్మా."

అతను అబద్ధమాడలేదు, గుర్తున్నదే చెప్పాడు. మఠానికి తిరిగొచ్చి చూస్తే, ఆ మధ్యాహ్నం వంటకు ముందే తను ఖాళీ చేసి పెట్టిన చెత్త డబ్బాలో వాడిన సిరంజిలు రెండున్నాయి. ఓబులేసు వాటిని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాడు.

స్వామి తేరుకున్నాక డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "సూదులతోనే నిక్షేపంగా ఉన్న పెద్దవాళ్ళు ఎందరో ఉన్నారు స్వామీ. ఇన్సులిన్ పంపు అందరికీ నప్పదు. కానీ చక్కెర పడిపోతున్నా మీ ఒంటికి తెలియడం మానేసింది. ఈ పంపు సన్నటి గొట్టంలోంచి కొంచెం కొంచెంగా మందు పంపుతుంది. చక్కెర పడిపోయేలా ఉంటే తనే ఆపుతుంది. ఎప్పుడు ఎంత ఇచ్చిందో మరిచిపోదు. అయితే దానికీ మనిషి కావాలి. రెండు మూడు రోజులకోసారి గొట్టం మార్చాలి, మూసుకుపోతే కనిపెట్టాలి."

"నేను నేర్చుకుంటా" అన్నాడు ఓబులేసు వెంటనే.

నేర్చుకోబోయాడు. గొట్టం వేళ్ళలో నిలవలేదు. మిషను మీది అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. డాక్టరు ఇంకోసారి చూపించింది, మరోసారి చూపించింది. చివరికి ఆమె గొట్టాన్ని పక్కనే నిలబడ్డ భువనేశ్వరి చేతికిచ్చింది. భువనేశ్వరి స్వామి శిష్యురాలే, అంగన్‌వాడీ టీచరు. ఆమె వేళ్ళు తడబడలేదు.

మఠానికి వచ్చాక ఓబులేసు ఉండబట్టలేకపోయాడు.

"నడుముకు మిషను కట్టుకొని బోధ చెప్తారా సామీ? నా చెయ్యి చాలదా?"

స్వామి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆ స్పర్శకు ఓబులేసు నిలవలేకపోయాడు.

"ఆ పొద్దు నేను రెండుసార్లు ఏసినాను సామీ. మిమ్మల్ని చంపేసేవాణ్ణే."

"రెండోసారి కండువా తీసి పొట్ట చూపిచ్చింది ఎవరు?" అన్నాడు స్వామి.

ఓబులేసు తలెత్తాడు.

"నాకూ గుర్తు లేదు నాయనా. ఇద్దరం ముసిలోళ్ళమైనాం."

పంపు పెట్టిన మర్నాడు మధ్యాహ్నం విస్తరి వేసే వేళకు ఓబులేసు అలవాటుగా సూదులుండే అలమర దాకా వెళ్ళాడు. తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. లోపలి గదిలో భువనేశ్వరి చెప్తుంటే స్వామి బొత్తాం నొక్కినట్టున్నాడు, మిషను చిన్నగా కూసింది. ఓబులేసు వట్టి చేతులతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

స్వామి లేచి, ఇంకో విస్తరి తీసుకుని తన విస్తరికి ఎదురుగా పరిచాడు. నీళ్ళు చల్లి, తనే సంగటి ముద్ద పెట్టి, ఆకుకూర వడ్డించాడు.

"కూర్చో."

"మీరు తిన్నాక తింటా సామీ. ఎప్పుడూ అంతే కదా."

"నేను తింటాంటే ఇన్నేళ్ళూ నువ్వు యాడ చూసినావు?"

ఓబులేసు ఆలోచించాడు. "మీ చేతుల తట్టు సామీ. వణుకుతాండాయా, చెమట పడుతాందా అని."

"ఈ పూట నన్ను చూడు."

ఓబులేసు కూర్చుని చూశాడు. స్వామి ఒక పక్కనే నములుతున్నాడు. రెండో పక్క పళ్ళు లేవు. అవి ఎప్పుడు ఊడాయో ఓబులేసుకు తెలియదు. గొంతు కింద చర్మం వేలాడుతోంది. కనుబొమ్మలు కూడా తెల్లబడిపోయాయి. తను రోజూ కాపాడుతున్న మనిషి, తన కళ్ళ ముందే, ఎప్పుడు ఇంత దూరం వెళ్ళిపోయాడు?

కళ్ళనీళ్ళు విస్తరిలో పడుతున్నా తుడుచుకోలేదు.

స్వామి చెయ్యి చాపి, అతని సంగటి ముద్దలో చిన్న గుంట చేసి, నెయ్యి పోశాడు.

"తిను నాయనా, సల్లారిపోతాది."