తిప్పయ్య రేపటి కోడెలు

అనగనగా, కొండలింకా కూర్చోవడం నేర్చుకోని కాలంలో, నల్లరేగడి సీమలో తిప్పయ్య అని ఒకడుండేవాడు. కోడెలకు విత్తులు కొట్టి, కాడికి లొంగే ఎద్దుల్ని చేయడం వాడి పని. ఎన్నింటికి కొట్టాడంటారా? వాడి చేతిమీదుగా పోయిన ఎద్దుల్ని వరసగా నిలబెడితే, మొదటిది సముద్రం చూసేసరికి చివరిది ఇంకా కొట్టంలో నెమరేస్తూ ఉంటుంది. అందుకే వాడికి ఒళ్ళంతా అలుపు. వాడు నిట్టూరిస్తే ఆ గాలికి పొరుగూరివాళ్ళు ధాన్యం తూర్పారబట్టుకునేవాళ్ళు.

ఆ ఊరి పెద్ద నారపరెడ్డి ఏడు సముద్రాలవతల నుంచి ఒక ఆబోతును తెప్పించాడు. అది రంకె వేస్తే అటకమీది కుండలు దిగొచ్చేవి. దానికి పుట్టిన ఆవులు బిందె పెడితే బిందె, గాబు పెడితే గాబు నింపేవి. రెడ్డి పొంగిపోయాడు. ఇక ఊరికి ఈ ఒక్క ఆబోతు చాలు, నాటు కోడె ఒక్కటి మిగలకూడదు, మిగిలితే నీకు ఊళ్ళో కూడు లేదని తిప్పయ్యతో చెప్పాడు.

మొదటి ఏడు అన్నిటికీ కొట్టాక ఎర్రకోడె ఒకటి మిగిలింది. పొట్టిది. గడ్డిపోచతో పూట గడిపేది. తిప్పయ్య చతికిలబడ్డాడు.

"ఒళ్ళు అలిసింది సామీ, రేపు చూద్దాం."

రెండో ఏడు నల్లకోడె మిగిలింది. మండుటెండలో నిలబడి కునుకు తీసేది.

"ఒళ్ళు అలిసింది సామీ, రేపు చూద్దాం."

మూడో ఏడు మచ్చలకోడె మిగిలింది. ఈగ వాలాలంటే దాన్ని అడిగి వాలేది. మళ్ళీ అదే మాట.

"నీ రేపటికి మూడేళ్ళు నిండినాయి కదరా," అన్నాడు రెడ్డి. "దానికి పెళ్ళిచూపులు కూడా చూద్దామా?"

ఆ పూటే ఊళ్ళోంచి తరిమేశాడు. తిప్పయ్య మూడు కోడెల్నీ తోలుకుని కొండవాలులో గుడిసె వేసుకున్నాడు. మేతకొచ్చిన ఊరి పెయ్యలు, ఆ ఆబోతుకు పుట్టినవే, అక్కడే ఈ కోడెలతో కలిసేవి.

"మామా, నిజంగా అలిసినావా, వేషమా?" అని పెళ్ళాం సుంకమ్మ అడిగింది.

"అలుపు నిజమే సుంకీ. కానీ రేపు ఏం ముంచుకొస్తుందో, అప్పుడు ఏది నిలబడుతుందో నాకు తెలీదు. తెలీనప్పుడు చెయ్యి లేవదు."

ఆ చలికాలమే తిప్పయ్య పోయాడు. మోయడానికి నలుగురు రాలేదు. సుంకమ్మే బండి కట్టింది. మూడు కోడెలూ వెనక నడిచాయి.

మరుసటేడు పశువులకు గాలికుంటు రోగం వచ్చింది. ఆబోతు సంతానమంతా ఒకే అచ్చులో పోసినట్టుండేది. ఒకదానికి పట్టిందే అన్నిటికీ పట్టి ప్రాణం తీసింది. ఆబోతూ పడింది. దాని రంకె మాత్రం మూడు రోజులు కొండల్లో తిరిగి తిరిగి ఆగింది. కొండవాలులో పుట్టిన దూడలు రంగుకొకటి, తీరుకొకటి. కొన్ని పడ్డాయి, కొన్ని కుంటుకుంటూ బతికాయి, కొన్ని ఏమీ ఎరగనట్టు మేశాయి. పెద్దయ్యాక వాటి పాలు తల్లివి, మొండితనం తండ్రిది.

రెడ్డి చెప్పులు విడిచి కొండెక్కాడు. ఏ కోడె ఈ దూడల్ని కాపాడిందమ్మా అని సుంకమ్మను అడిగాడు.

"తెలీదు సామీ. ఆయనకీ తెలీదు. అందుకే మూడూ ఉంచినాడు."

రెడ్డి అక్కడే రాతిమీద కూలబడ్డాడు.

ఇప్పటికీ ఆ సీమలో కోడెలకు కొట్టేవాడు చివరి కోడె దగ్గర ఆగుతాడు. ఇంటావిడ చెంబెడు మజ్జిగ ఇచ్చి, "అలిసినావా నాయనా?" అంటుంది. అప్పుడే నిద్ర లేచొచ్చినవాడైనా సరే, చతికిలబడి, "అలిసినా తల్లీ, రేపు చూద్దాం" అంటాడు.

ఆ రేపు ఇంతవరకూ రాలేదు.