నిమ్మచెట్టు కడుపు మాడ్చిన రాకుమారుడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరూ ఏదో ఒక పని చేస్తేగానీ నిద్రపోరు. మూడోవాడు సుకేతుడు నిద్రపోతేగానీ ఏ పనీ చెయ్యడు. లేచాక కూడా చెయ్యడనుకోండి, అది వేరే సంగతి.

వక్రదంతుడనే మాంత్రికుడు కుందలత అనే రాకుమారిని ఎత్తుకుపోయి ఏడు సముద్రాల అవతల దీవిలో దాచాడు. విడిపిస్తానని పెద్దన్న వెళ్ళాడు, రాలేదు. చిన్నన్న వెళ్ళాడు, రాలేదు. అన్నలంటే సుకేతుడికి ప్రాణం. మంచం దిగి, ఒక ముసలి తాబేలు వీపెక్కి బయలుదేరాడు.

"మాంత్రికుడి ప్రాణం వాడి నిమ్మచెట్టు మీది చిలకలో ఉంది నాయనా," అంది తాబేలు దారిలో. "చిలక ఏది రుచి చూస్తే వాడి నోటికీ అదే రుచి."

దీవిలో మాంత్రికుడు పళ్ళికిలించాడు. "నా నిమ్మచెట్టు ఇంతవరకు ఒక్క కాయ కాయలేదు. నువ్వు కాయించావా, ఆ పిల్లనీ మీ అన్నల్నీ వదిలేస్తాను. లేదంటే అదుగో, వాళ్ళ పక్కన నువ్వూ!"

అక్కడ రెండు మేకలు కట్టేసి ఉన్నాయి.

చెట్టు పచ్చగా ఏపుగా ఉంది. పక్కనే కాలువ, ఎప్పుడూ నీళ్ళే.

"నేను కడవలకొద్దీ నీళ్ళు పోశాను తమ్ముడూ," అంది మొదటి మేక.

"నేను గంపలకొద్దీ ఎరువు వేశాను. ఆకులే వచ్చాయి," అంది రెండోది.

సుకేతుడికి నవ్వొచ్చింది. కోటలో వేళకి నెయ్యన్నం వచ్చినన్నాళ్ళూ తనెప్పుడు కదిలాడు గనక! కాలువకి అడ్డంగా మట్టికట్ట వేసి, చెట్టు కింద పడుకున్నాడు.

ఎండలు ముదిరాయి. ఆకులు ముడుచుకుని రాలసాగాయి. "చంపేస్తున్నావురా!" అని మేకలు లబోదిబోమన్నాయి. సుకేతుడికీ భయం వేసింది. చెట్టు పోతే అన్నలు పోయినట్టే. అయినా పంటి బిగువున ఆగాడు. ఇక కొమ్మలు ఎండిపోతాయేమో అనిపించాక కట్ట తెంచాడు.

చెట్టుకేమనిపించిందో గానీ, ఒళ్ళంతా విరగబూసింది. అంతలో వడగాలి వచ్చి పూతంతా రాల్చెయ్యసాగింది. సుకేతుడు తలపాగా విప్పి ఒక కొమ్మకి నీడ కట్టాడు. ఆ కొమ్మన ఒకే ఒక్క కాయ నిలిచింది.

అది చూసి మాంత్రికుడు మాట తప్పాడు. "నువ్వూ మేకవైపో!" అంటూ మంత్రం ఎత్తుకున్నాడు. సుకేతుడు చటుక్కున కాయ కోసి, రెండు చెక్కలు చేసి, ఒక చెక్క చిలక ముందు పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక కాయ చూడని చిలక ఆశగా ముక్కు ముంచింది. మాంత్రికుడి మూతి ముడుచుకుపోయింది, కళ్ళు మూతపడ్డాయి, మంత్రం సగంలోనే ఆగింది.

సుకేతుడు చిలకని ఒడిసి పట్టుకుని, "రెండో చెక్క కూడా పెట్టనా?" అన్నాడు.

మాంత్రికుడు రెండు చేతులూ జోడించాడు. పులుపు దిగాక వాడు మొదట చదివింది మేకల్ని మనుషుల్ని చేసే మంత్రమే. ఆ వెంటనే కుందలతనీ వదిలేశాడు.

పెద్దన్న తమ్ముణ్ణి కౌగిలించుకుని భోరుమన్నాడు. "నిన్ను సోమరివనుకున్నాంరా!"

"సోమరినే అన్నయ్యా. చెట్టు ఎండుతుంటే నీళ్ళు పొయ్యకుండా కూర్చోవడం మీ వల్ల అయ్యేదా?"

కుందలత పకపకా నవ్వి, ఆ సోమరినే పెళ్ళాడింది. ఇద్దరూ చల్లగా చాలాకాలం రాజ్యమేలారు. అన్నలు మాత్రం పెళ్ళి విందులో విస్తరాకులు కూడా మిగల్చలేదట.