దూరపు పలకరింపు

అనగనగా ఒక అడవి అని మొదలుపెడితే మీరు ఊరుకోరు, ఏ అడవి అని అడుగుతారు. ఈ కథలో ఒకటి కాదు, చాలా అడవులున్నాయి. వాటి మధ్య లోతైన లోయలు. ఒక అడవి సంగతి ఇంకో అడవికి తెలిసేది కాదు.

ఒకసారి గాలివానకు పెద్ద మద్దిచెట్టు కూలి లోయకు అడ్డంగా పడింది. అదే వంతెన అయింది. మిగతా అడవుల మధ్య కూడా అలాగే దారులు పడ్డాయి. ఈ ఒడ్డున ఉప్పునేల ఉంది, ఆ ఒడ్డున పచ్చగడ్డి ఉంది. కణుజు జింకలు ఉప్పు నాకడానికి ఇటు వచ్చేవి, దుప్పులు మేతకు అటు వెళ్ళేవి. రామచిలుకలు అడవి నుంచి అడవికి కబుర్లు మోసేవి. ఎవరేం చెప్పినా, చెప్పినవాడి గొంతుతో సహా అప్పజెప్పేవి. అది మంచి మాటో చెడ్డ మాటో వాటికి పట్టదు.

అందరికీ సందడే, ఒక్క తీతువు పిట్టకు తప్ప.

తీతువు పని కాపలా. ఆ వంతెన దుంగ పక్కన నేల మీద తిరుగుతూ, పులి కనిపిస్తే గట్టిగా అరిచేది. దాని అరుపు విని అందరూ పరుగెత్తి ప్రాణాలు దక్కించుకునేవారు. ఆ తర్వాత ఏమనేవారో తెలుసా? "పాడు పిట్ట. దీని గొంతు వింటే కీడే" అనేవారు. ఎంత విడ్డూరమో చూడండి. పులిని తిట్టరు, పులి వచ్చిందని చెప్పినవాణ్ణి తిడతారు. దాని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. దారులు పడ్డాక ఎక్కడెక్కడి జంతువులో దాని ముందు నుంచే నడిచిపోయేవి. ఒక్కటీ ఆగేది కాదు. పాపం, దానికి ఏడుపొచ్చేది.

ఒకరోజు ఒక చిలుక దాని ముందు వాలి, మెత్తటి గొంతుతో అంది: "తమ్ముడూ, తిన్నావా?"

తీతువు అటూ ఇటూ చూసింది. "ఎవర్ని? నన్నేనా?"

"నిన్నే. దూరపు అడవిలో పెద్దన్న ఉన్నాడు. ఆయన పంపిన కబురు" అంది చిలుక.

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట దాన్ని ఎవరూ అడగలేదు. ఆ పూటంతా అది గాల్లో తేలినట్టే తిరిగింది.

మళ్ళీ కబురొచ్చింది. "తమ్ముడూ, నిన్ను పాడు పిట్ట అన్నవాళ్ళు నీవాళ్ళెలా అవుతారు? నీకు నేనున్నాను." నిజమే కదా అనుకుంది తీతువు.

మూడోసారి కబురొచ్చింది. "తమ్ముడూ, రేపు దుంగ మీద జంతువులు కిక్కిరిసి ఉన్నప్పుడు ఒక్కసారి అరిచెయ్. పులి లేకపోయినా సరే. నీ విలువేంటో వాళ్ళకు తెలిసొస్తుంది. తర్వాత నా దగ్గరికి వచ్చేయ్."

"అందరూ లోయలో పడిపోతారేమో?" అంది తీతువు భయంగా.

"నాకేం తెలుసు? నేను కబురు మోస్తాను, అంతే" అని చిలుక ఎగిరిపోయింది.

తెల్లారింది. దుంగ నిండా జంతువులు. ఒక తల్లి దుప్పి పిల్లను ముందు నడిపించుకుంటూ వచ్చి, తీతువు దగ్గర ఆగింది. "నువ్వున్నావన్న ధైర్యంతోనే నా పిల్లను దాటిస్తున్నానయ్యా" అంది.

తీతువుకు ఎంతో సంతోషమేసింది. మంచి మాట చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టిందా అని వెంటనే కోపమూ వచ్చింది. దుప్పి దుంగ మధ్యకు చేరింది. తీతువు కళ్ళు మూసుకుని అరిచింది.

అందరూ ఒక్కసారిగా పరుగెత్తారు. తోపులాటలో దుప్పి పిల్ల లోయలో పడిపోయింది. ఇంకెన్నో పడ్డాయి. పులి లేదని తెలిశాక, "అవతలి ఒడ్డువాళ్ళే తీతువు ఊరికే అరిచేలా చేశారు" అని ఇవతలివాళ్ళు, "మీరే చేశారు" అని అవతలివాళ్ళు కొట్టుకున్నారు. మేతకూ ఉప్పుకూ రావడం మానేశారు. దుంగ ఖాళీ అయిపోయింది.

తీతువు పెద్దన్నను వెతుక్కుంటూ పోయింది. ఎన్నో అడవులు దాటి ఆ గుహ చేరింది. లోపల ఒక ముసలి దుమ్ములగొండి చిలుకలకు పాఠం చెబుతోంది. "తమ్ముడూ, తిన్నావా? అనండి. ఇంకాస్త మెత్తగా. అలా పలికితే ఏ అడవిలోని ఒంటరివాడైనా కరిగిపోతాడు."

"అన్నా, నేను వచ్చాను" అంది తీతువు.

"నువ్వెవరు?"

"దుంగ దగ్గర అరిచిన తీతువును."

"ఏ దుంగ? అలాంటివి బోలెడున్నాయి" అంది దుమ్ములగొండి నవ్వుతూ. "కలిసి తిరిగే మందలు నాకు చిక్కవు. ఒకరంటే ఒకరికి భయం పుడితే విడివిడిగా తిరుగుతాయి. అప్పుడు ఏ అడవికి వెళ్ళినా నాకు వేట తేలిక. నీ పని అయిపోయిందిగా, ఇంక వెళ్ళు."

తీతువు తిరిగొచ్చింది. తల్లి దుప్పి ఇంకా లోయ అంచునే కూర్చుని ఉంది. దాని ముందు తలవంచి జరిగిందంతా చెప్పింది.

దుప్పి లోయలోకి ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా అంది. "నిన్ను మేం ఒంటరిగా వదిలేశాం. అది మా తప్పే. కానీ నా బిడ్డ నీకేం చేసిందయ్యా?"

దుప్పి లేచి వెళ్ళిపోయింది. తీతువు ఆ ఖాళీ దుంగ పక్కనే ఉండిపోయింది. మునుపటి ఒంటరితనం ఇతరులు పెట్టింది. ఇప్పటిది తను చేసుకున్నది.

నీతి: పక్కవాడికి హాని చేయమని దూరం నుంచి ప్రేమగా పిలిచేవాడు మనవాడు కాడు. మన పక్కన ఒంటరిగా ఉన్నవాణ్ణి, అలాంటివాడు పలకరించకముందే మనం పలకరించాలి.