అమ్మ ఎప్పుడు మొలుస్తుంది?

దుప్పటి కప్పుకుని ఇలా దగ్గరికి జరుగు, కన్నా. అనగనగా ఒక వాగు, ఆ వాగు పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఎర్రయ్య, కోటమ్మ అని మొగుడూ పెళ్ళాలు. మిరపనారు పోసి అమ్ముకునేవాళ్ళు. వాళ్ళకి నీ అంత కూతురు, పేరు సింగారి.

కోటమ్మ నారుమడిలో గింజలు చల్లి, రోజూ నీళ్ళు చిలకరించేది. ఎనిమిదో రోజుకి మట్టిలోంచి పచ్చగా తలెత్తేవి. "మొలిచాయే సింగారీ!" అని కూతుర్ని పిలిచి చూపించేది. ఆ తర్వాత వాళ్ళ మేకపిల్లకి నెత్తిన రెండు బుడిపెలు వచ్చాయి. "కొమ్ములు మొలుస్తున్నాయి" అంది. ఆ తర్వాత సింగారికి ముందు పన్ను ఊడింది. ఒకటే ఏడుపు. "పిచ్చిదానా, మళ్ళీ మొలుస్తుందిలే" అంది. నిజంగానే మొలిచింది.

అప్పుడు ఊళ్ళోకి జ్వరాలొచ్చాయి. మూడు రోజులకే కోటమ్మ పోయింది. వాళ్ళలో పూడ్చిపెడతారు. వాగొడ్డున గుంట తీసి, పడుకోబెట్టి, మట్టి కప్పారు. సింగారి అంతా చూస్తూ నిలబడింది.

మర్నాడు చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి, ఆ మట్టి మీద మెల్లగా చిలకరించింది. ఎర్రయ్య చూశాడు. ఏం చేస్తున్నావని అడగబోయి, అడగలేకపోయాడు. ఆ తర్వాత మేకలు తొక్కకుండా చుట్టూ కంప పెట్టింది. అదీ చూశాడు. ఎనిమిది రోజులు గడిచాయి. "అమ్మ పెద్దది కదా నాయనా, ఇంకొన్నాళ్ళు పడుతుంది" అంది. ఎర్రయ్య మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు ముసురు పట్టింది. తెరిపిచ్చిన రోజు సింగారి పరుగెత్తుకొచ్చింది.

"నాయనా! అమ్మ మొలిచింది!"

ఎర్రయ్య చేతిలో పార పడేసి ఉరికాడు. అంత పెద్ద మనిషి, అన్నీ తెలిసినవాడు, ఆ మాట వినేసరికి ఉరికాడు. వెళ్ళి చూస్తే మట్టి మీద సన్నగా గడ్డి.

అక్కడే కూలబడిపోయాడు. "ఇది గడ్డి తల్లీ. అమ్మ మొలవదు. మనుషులు మొలవరు."

"మరి రోజూ నీళ్ళు పోస్తుంటే చెప్పలేదేం?"

"నాకు నోరు రాలేదమ్మా."

సింగారి గొంతు పోయేదాకా ఏడ్చింది. ఎర్రయ్య భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు.

ఆ తర్వాత ఆ పిల్ల పెద్దదై, తనే మిరపనారు పోసింది. నారుమడి పచ్చబడితే "వచ్చాయి" అనేది. తన బిడ్డకి పళ్ళొస్తే "వచ్చాయి" అనేది. "మొలిచాయి" అన్న మాట మాత్రం ఆమె నోట మళ్ళీ ఎవరూ వినలేదు.

ఊరుకో నాన్నా, ఊరుకో. నేనిక్కడే ఉన్నాగా.

కథేమో కంచి దారి పట్టింది,
కంటికేమో కునుకు పట్టింది.