జయమణి ఓణీ మీద గులాబీ

శౌరీలుకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. తాను కుట్టిన పువ్వును చూసి ముఖం తిప్పుకున్న మనిషి ఇంతవరకు ఎవరూ లేరు. జయమణి తిప్పుకుంది.

ఆ కాన్వెంటు బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు వారానికి మూడు రోజులు కుట్లు, అల్లికలు, వంట, ఇస్త్రీ నేర్పేవారు. నేర్పేది సిస్టర్ ఫెలిసిటా. అరవై దాటిన మనిషి, మాట పొదుపు. ఆ క్లాసుకు శౌరీలు మహారాణి. గొలుసుకుట్టయినా కాడకుట్టయినా, మిగతా పిల్లలు సూదిలోకి దారం ఎక్కించుకునేలోపు ఆమె గుడ్డ మీద రెండు రేకులు విచ్చుకునేవి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసిన సంగతి కడుపులో దాచుకునే అలవాటు మాత్రం లేదు.

జరిగిందేమిటంటే, ఇస్త్రీ క్లాసులో జయమణి తెల్ల ఓణీ శౌరీలు వంతుకు వచ్చింది. బొగ్గుల పెట్టె చల్లారితే దాన్ని గుడ్డకు దూరంగా తీసుకెళ్ళి నిప్పు విసరాలని సిస్టర్ మొదటి రోజే చెప్పారు. శౌరీలు పక్క పిల్లకు ఏవో గొప్పలు చెబుతూ, పెట్టెను ఓణీ మీదే ఉంచి అట్టతో విసిరింది. నిప్పురవ్వ ఎగిరిపడింది. అందరూ చూసేసరికి ఓణీ భుజం దగ్గర అర్ధరూపాయంత చిల్లు.

జయమణి హాస్టలు పిల్ల. ఆమెకున్న తెల్ల ఓణీ అదొక్కటే. ఇంకో రెండు వారాల్లో మరియమ్మ మోక్షారోపణ పండగ. ఆ రోజు మరియమ్మ స్వరూపం వెనకాల ఆడపిల్లలంతా తెల్ల ఓణీలు వేసుకుని ఊరంతా తిరుగుతారు.

శౌరీలు ఏమీ కంగారుపడలేదు. చిల్లు కింద చిన్న గుడ్డముక్క పెట్టి, దాని మీద ఎర్ర గులాబీ మొదలుపెట్టింది. నాలుగు రోజులు ఆటలు మానేసి కుట్టింది. చూసినవాళ్ళంతా, కాలడమే మంచిదైందన్నారు. జయమణి మాత్రం ఓణీ మడిచి ట్రంకుపెట్టెలో అడుగున పెట్టింది. పండగ రోజు తనకు కడుపునొప్పి వస్తుందని, హాస్టల్లోనే ఉండిపోతానని వార్డెనుకు చెప్పింది. ఎనిమిది రోజుల ముందే తెలిసిన కడుపునొప్పి మరి.

శౌరీలు ఆ ఓణీ అడిగి తీసుకుని నేరుగా సిస్టర్ దగ్గరకు వెళ్ళింది. ఇంత కష్టపడితే ఆ పిల్లకు మంచి మాటైనా రాలేదని, పక్కన కూర్చోవడం కూడా మానేసిందని, ఇందులో తన తప్పేమిటో చెప్పమని అడిగింది. అడిగే గొంతులో సగం కోపం, సగం ఏడుపు.

సిస్టర్ చేతిలో పని పక్కన పెట్టి, తన కుడిచేయి చాపారు.

"ఈ అంగీ చేతి మీద అతుకులెన్నో చెప్పు."

మూడేళ్ళుగా రోజూ చూస్తున్న తెల్ల అంగీ అది. శౌరీలు చెయ్యి తిప్పి తిప్పి చూసింది. ఒక్క అతుకూ లేదంది. సిస్టర్ ఆమె వేలు పట్టుకుని తన మణికట్టు దగ్గర ఆనించి జరిపారు. అక్కడ గుడ్డ కాస్త మందంగా తగిలింది. మోచేతి దగ్గర మళ్ళీ తగిలింది. ఇంకా పైన మరో రెండుచోట్ల. శౌరీలు ఆ చోట్లను కళ్ళు చిట్లించి చూసినా ఏమీ దొరకలేదు.

సిస్టర్ చిన్న కత్తెర తీసి ఆమె చేతిలో పెట్టారు.

"పువ్వు విప్పు."

నాలుగు రోజుల పని ఒక్క పీరియడులో పోయింది. శౌరీలు రేకు రేకుకూ ఏడ్చింది. సిస్టర్ ఓదార్చలేదు, తొందరపెట్టలేదు. విప్పాక ఓణీని చన్నీళ్ళలో ముంచి ఆరేయమన్నారు. సూది పొడిచిన రంధ్రాలు మూసుకున్నాయి. చిల్లు మిగిలింది.

మర్నాడు శౌరీలు బడిలో ఉన్నవాటిలోకెల్లా మంచి తెల్ల దారపు రీలు తెచ్చి, చిల్లు మీద పోగులు అల్లి రఫ్ఫు చేసింది. ఎండలో పెట్టి చూస్తే పాతగోడకు కొత్త సున్నం పూసినట్టు అంతమేరా మెరుస్తోంది. సిస్టర్ దాన్నీ కత్తిరించారు. ఇంతకంటే మంచి దారం ఇంకెక్కడుందని శౌరీలు అడిగేసింది. సిస్టర్ ఓణీ అంచు మడత ఒక అంగుళం విప్పి, లోపలి గుడ్డ నుంచి ఒక్క పోగు లాగి ఆమె అరచేతిలో వేశారు.

"ఏ గుడ్డ చిల్లుకు ఆ గుడ్డ పోగే."

పల్చటి మల్లు గుడ్డ పోగు లాగడం మాటలు కాదు. పది తెగితే ఒకటి నిలుస్తుంది. పైగా ఎదురుగా ఒకరు గుడ్డను బిగించి పట్టుకోవాలి. సిస్టర్ జయమణిని పిలిపించి ఓణీ కొస ఆమెకు అప్పగించి, వంటగదిలోకి వెళ్ళిపోయారు.

మొదటి రోజు వరండాలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు గాని ఒక్క మాట లేదు. తెగిన పోగులు మాత్రం ఒళ్ళో కుప్పపడ్డాయి. రెండో రోజు జయమణి ఉండబట్టలేక, అంత గట్టిగా లాగొద్దని చెప్పింది. మూడో రోజుకు పోగులు నిలవడం మొదలుపెట్టాయి. వాటితో చిల్లు మీద నిలువు పోగులు వేయడం అయిపోయి అడ్డపోగులు పడుతుండగా జయమణి తనంతట తానే అంది.

"నీ పువ్వు బాగలేదని కాదే. ఇది మా అమ్మ పొగాకు గ్రేడింగు కూలికెళ్ళి కొనిచ్చింది. ఆ పువ్వు పడ్డాక అందరూ శౌరీలు ఓణీ, శౌరీలు ఓణీ అంటన్నారు."

శౌరీలు సూది ఆగిపోయింది. కాల్చినందుకు తాను ఈ పిల్లతో ఇంతవరకు ఒక్క మాటైనా అనలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"తప్పయింది జయా," అంది తల ఎత్తకుండా.

జయమణి కొస ఇంకాస్త బిగించి పట్టుకుంది.

పండగనాడు జయమణికి కడుపునొప్పి రాలేదు. స్వరూపం వెనకాల తెల్ల ఓణీల వరసలో తనూ నడిచింది, పాటలు అందరికంటే గట్టిగా పాడింది. ఓణీ ఎవరిదని గాని, ఎవరు బాగుచేశారని గాని ఎవరూ అడగలేదు. పొద్దుటి నుంచి శౌరీలు ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తూనే ఉంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఒక్క వారంలో పోతుందా?

ఊరేగింపు తిరిగొచ్చి అందరూ గుడి ముందు అరటిపళ్ళు పంచుకుంటుండగా, ఆమె జయమణిని చెయ్యి పట్టుకుని సిస్టర్ ఫెలిసిటా ముందుకు లాక్కెళ్ళింది.

"సిస్టర్, రఫ్ఫు బాగా వచ్చిందా?"

సిస్టర్ కళ్ళజోడు సర్దుకున్నారు. ఓణీని భుజం నుంచి అంచు దాకా నిదానంగా చూశారు. భుజం దగ్గర ఒక పోగు బిగుసుకుని గుడ్డ రవ్వంత ముడుచుకున్న చోటు శౌరీలుకు బాగానే కనబడుతోంది. ఇక్కడే అని చూపించబోయింది.

"ఏది?" అన్నారు సిస్టర్.

శౌరీలు ఎత్తిన వేలిని మెల్లగా దించుకుంది.